నూటికి నెలకు ఎంత? ఫోన్‌లో ఉచితంగా దొరికే వాటితో ఇంటి అప్పుల లెక్క

మీకు అప్పులెంత ఉన్నాయని అడిగితే చాలామంది కిస్తీలెంతో చెబుతారు. "బండికి మూడు వేల వంద, కార్డుకి రెండున్నర వేలు, ఇంకేవో చిల్లర మల్లర" అంటారు. అసలెంత మిగిలింది, వడ్డీ ఎంత పడుతోంది అని అడిగితే మాత్రం నోరు పెగలదు. నేను తెనాలి దగ్గర ఒక ఊళ్ళో మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. పొదుపు, బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) కిస్తీ, సంఘం లోపల ఒకరికొకరు ఇచ్చుకునే అప్పులు, అన్నీ పుస్తకంలో పైసాతో సహా ఉండాలి. సంఘం డబ్బు దగ్గర అంత పక్కాగా ఉండేవాళ్ళే సొంత ఇంటి లెక్క గాలికొదిలేస్తారు.

ఇక్కడ నేను చెప్పేది మా తమ్ముడి ఇంటి లెక్క. వాడు గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో పని చేస్తాడు, జీతం 26,000. మరదలు ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకు అటూ ఇటూగా 6,000 వస్తాయి. అంకెలు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఈ పనికి ఏ యాప్‌కీ డబ్బు కట్టలేదు. గూగుల్ షీట్స్, ఫోన్‌లో మెసేజ్‌ల పెట్టె, యూపీఐ యాప్, క్యాలెండర్, ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టు, అంతే. ఖర్చులు తనంతట తనే రాసిపెట్టే యాప్‌లు బోలెడున్నాయి కదా అని మీరు అడగొచ్చు. అవి మెసేజ్‌లన్నీ చదివే పర్మిషన్ అడుగుతాయి. ఒకటి వేసుకుని చూడండి, వారం తిరక్కుండానే "మీకు రెండు లక్షల లోన్ రెడీగా ఉంది" అని గంట కొడుతుంది. అప్పు తీర్చడానికి వేసుకున్న యాప్ అప్పు అమ్మజూపితే ఎలా? అందుకే నాకవి పడవు.

అప్పులన్నీ బయటికి లాగడం

మొదటి పని ఫోన్‌లో మెసేజ్‌లు వెతకడం. వెతికే గడిలో ఇంగ్లిషులో డ్యూ, ఈఎంఐ, డెబిటెడ్, ఓవర్‌డ్యూ అని ఒక్కొక్కటే కొట్టి చూడండి. మర్చిపోయినవన్నీ పైకి తేలతాయి. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అన్న చోటికి వెళ్ళండి. ప్రతి నెలా మనల్ని అడక్కుండా కోసుకుంటున్నవి అక్కడ వరసగా ఉంటాయి. మా వాడికి అందులో చూడని ఓటీటీ ఒకటి, పిల్లాడు లాక్‌డౌన్‌లో చేరిన ఇంగ్లిషు క్లాసు ఒకటి బయటపడ్డాయి. రెండూ అక్కడికక్కడే రద్దు చేశాం.

తర్వాతది క్రెడిట్ రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన దేశంలో నాలుగు సంస్థలున్నాయి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 2017 నుంచి ఒక్కో సంస్థ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. వాళ్ళ సొంత వెబ్‌సైట్లోనే తీసుకోండి. నెలకింత కడితే రోజూ స్కోరు చూపిస్తామనే ప్లాన్లు మధ్యలో అడ్డం పడతాయి, వాటిని పక్కకు తోసి "ఉచిత వార్షిక రిపోర్టు" అన్నదే నొక్కాలి. నాలుగూ ఒకేసారి తీసుకునే బదులు మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడుగునా కన్నేసి ఉంచొచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరేమీ తగ్గదు. ఆ భయంతో చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఆ అంకె ముందు ముఖ్యం కాదు, కింద ఉన్న ఖాతాల జాబితా ముఖ్యం. మా తమ్ముడి రిపోర్టులో ఎప్పుడో తీరిపోయిన ఫ్రిజ్ లోను ఇంకా నడుస్తున్నట్టే ఉంది. రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్లోనే డిస్ప్యూట్, అంటే తప్పుందని ఫిర్యాదు పెట్టాం, సరిచేశారు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. ఇంకొకటి, ఎవరికైనా బ్యాంకులో జామీను సంతకం పెట్టి ఉంటే అదీ మీ రిపోర్టులో కనిపిస్తుంది. కంగారు పడకండి గానీ అతను సరిగ్గా కడుతున్నాడో లేదో మాత్రం చూసుకోండి.

రిపోర్టులో రానివి మన మనసుకే తెలుసు. ప్రోనోటు మీద తెచ్చినవి, మేనమామ దగ్గర చేబదులు, పాడేసుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు, కిరాణా కొట్లో ఖాతా. పాడుకున్న చీటీని అప్పుగా లెక్కేసేవాళ్ళు తక్కువ. డబ్బు ముందే చేతికొచ్చింది, నెలనెలా కట్టాలి, మరి అది అప్పు కాక మరేమిటి?

అన్నిటికీ ఒకే కొలత

ఈ పనంతటికీ ఆయువుపట్టు ఇదే. బ్యాంకువాడు వడ్డీని ఏడాదికి చెబుతాడు. కార్డువాడు నెలకు చెబుతాడు. బండి ఫైనాన్స్ వాడు ఫ్లాట్ రేటు అంటాడు. యాప్‌వాడు ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతాడు. ఇన్ని భాషల్లో ఉంటే ఏది ఖరీదైనదో ఎవరికి తెలుస్తుంది? మనకు అలవాటైన కొలత ఒకటుంది: నూటికి నెలకు ఎన్ని రూపాయలు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే పదో క్లాసు చదవని మా అత్తగారికి కూడా తెలుసు. అన్ని అప్పుల్నీ ఆ కొలతలోకి తెస్తే దొంగెవరో దొరెవరో తేలిపోతుంది.

గూగుల్ షీట్స్ తెరిచి కొత్త షీటు పెట్టండి. పై వరసలో ఈ శీర్షికలు రాయండి: ఎవరికి, అసలు ఎంత మిగిలింది, నెలకు కట్టేది, ఏ తారీఖున, నూటికి వడ్డీ, ఎప్పటికి తీరుతుంది. జీబోర్డు అనే గూగుల్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెబితే అదే రాసుకుంటుంది, టైపింగ్ రాదని ఆగక్కర్లేదు. షేర్ బటన్ నొక్కి ఇంట్లో రెండో మనిషికీ ఇవ్వండి. ఇది నా షరతు. ఒక్కరికే తెలిసిన అప్పు ఇంట్లో ఉన్నంతకాలం ఏ షీటూ పని చేయదు.

ఇక లెక్క. ఏడాది వడ్డీ చెప్పే బ్యాంకు అప్పయితే 12తో భాగిస్తే చాలు. తమ్ముడికి బ్యాంకులో 1,20,000 గోల్డ్ లోన్ ఉంది, ఏడాదికి 9 శాతం. అంటే నూటికి 75 పైసలు.

కిస్తీల మీద తీసుకున్నవాటికి రేట్ అనే ఫార్ములా ఉంది. ఖాళీ గడిలో ఈక్వల్ గుర్తు పెట్టి, ఇంగ్లిషులో రేట్ అని రాసి, బ్రాకెట్ తెరిచి మూడు అంకెలు కామాలతో వేయాలి: ఎన్ని కిస్తీలు, ఒక్కో కిస్తీ ఎంత (ముందు మైనస్ గుర్తుతో), చేతికి వచ్చిన డబ్బెంత. బండి లోను 60,000. ఏడాదికి 12 శాతం ఫ్లాట్, అంటే "రూపాయి వడ్డీయే సార్" అన్నారట షోరూములో. రెండేళ్ళకు వడ్డీ 14,400, మొత్తం 74,400, నెలకు 3,100. మరి నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంటే వడ్డీ మాత్రం ఆఖరిదాకా 60,000 మీదే వేశారు కదా! ఫార్ములాలో 24, మైనస్ 3100, 60000 అని కొడితే 1.8 శాతం వచ్చింది. రూపాయి వడ్డీ కాదు, రూపాయి ఎనభై పైసలు. గడిలో ఉత్తి 2 శాతం అని కనిపిస్తే పైన ఫార్మాట్‌లో డెసిమల్స్ పెంచండి, పైసలు బయటపడతాయి.

లోన్ యాప్‌ది చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. 15,000 లోను అని రాసి, ఫీజులు పోను అకౌంట్లో పడింది 13,800. మూడు నెలలు, నెలకు 5,500. వాళ్ళ లెక్కలో నూటికి మూడు రూపాయల చిల్లర. ఫార్ములాలో 3, మైనస్ 5500, 13800 వేయండి. 15000 కాదు, చేతికొచ్చిందే వేయాలి. తొమ్మిదిన్నర శాతం వస్తుంది. నెలకు నూటికి తొమ్మిదిన్నర రూపాయలు! మా ఊళ్ళో కాల్‌మనీ వాడు కూడా ఈ రేటు పైకి చెప్పడానికి సిగ్గుపడతాడు.

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లకు బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఫీజులన్నీ కలిపి ఏడాదికి పడే అసలు ఖర్చు అదే. దాన్ని 12తో భాగిస్తే మన కొలత దాదాపుగా వచ్చేస్తుంది. కొత్త లోను ఏదైనా తీసుకునే ముందు చూడాల్సింది ఈ ఒక్క అంకె.

కార్డు సంగతి వేరు. నెలకు మూడున్నర శాతం అంటారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రెండూ కలిస్తే 4.13. తమ్ముడి బాకీ 48,000. మినిమమ్ డ్యూ 5 శాతం లెక్కన 2,400 కడుతూ వచ్చాడు. వడ్డీ 1,680, జీఎస్టీ 302, కలిపి 1,982. కట్టిన 2,400లో అసలుకు చేరింది 418 రూపాయలు. ఇది షీటులో చూపించినప్పుడు మరదలు ఏమీ అనలేదు. కాసేపాగి, "అంటే వదినా, నేను ఆరు బ్లౌజులు కుట్టిన డబ్బు కడితే ఒక బ్లౌజు డబ్బే తీరుతోందన్నమాట" అంది. నా ఫార్ములా కన్నా అదే సరిగ్గా ఉంది. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి గడువు రోజులేమీ ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ.

ఇవి కాక ఒక వడ్డీ వ్యాపారికి ప్రోనోటు మీద 50,000, రెండు రూపాయల వడ్డీ. మేనమామకు 20,000, వడ్డీ లేదు. వడ్డీ కాలమ్ మీద నొక్కి పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేస్తే వరస ఇలా వచ్చింది: యాప్ తొమ్మిదిన్నర, కార్డు నాలుగు రూపాయల పదమూడు పైసలు, ప్రోనోటు రెండు, బండి రూపాయి ఎనభై, బంగారం ముప్పావలా, మామయ్య సున్నా. తమ్ముడు అంతకుముందు దేనికి భయపడేవాడో తెలుసా? ప్రోనోటుకి. ఆయన ఇంటికొచ్చి అడుగుతాడు కాబట్టి. కార్డువాడు మెసేజ్ పెడతాడంతే, అందుకని వాడు మంచివాడు!

ఖర్చు లెక్క: ఏడాదికొకసారి వచ్చేవే ముంచుతాయి

ఖర్చులు రోజూ రాయమని నేను చెప్పను. ఎవరూ రాయరు. యూపీఐ యాప్ నుంచో బ్యాంకు నుంచో మూడు నెలల స్టేట్‌మెంట్ దింపుకుంటే సగం పని అయిపోయినట్టే. భీమ్ యాప్‌లో ఖర్చుల్ని రకాల వారీగా చూపించే సదుపాయం కూడా ఉంది, తెలుగులోనే వాడుకోవచ్చు. మా వాళ్ళకు తేలింది ఇది: అద్దె 6,500, సరుకులు కూరలు పాలు 8,000, పెట్రోలు 2,000, కరెంటు గ్యాసు ఫోన్లు 2,200.

అక్కడితో ఆపేస్తే లెక్క బ్రహ్మాండంగా కనిపిస్తుంది. జూన్‌లో స్కూలు ఫీజు, ఎల్‌ఐసీ ప్రీమియం, బండి ఇన్సూరెన్సు, దసరా సంక్రాంతి బట్టలు, మాఘమాసంలో వరసగా వచ్చే పెళ్ళిళ్ళ చదివింపులు ఏ నెల లెక్కలోనూ ఉండవు. వచ్చినప్పుడల్లా కార్డు గీకేది వీటికోసమే. రెండో ట్యాబ్ తెరిచి ఇవన్నీ ఏడాదికెంతో రాసి, కూడి, 12తో భాగించండి. తమ్ముడింట్లో మొత్తం 36,000 తేలింది, నెలకు 3,000. చదివింపులు దండగని అనేవాళ్ళున్నారు. మన పెళ్ళిలో వాళ్ళు రాయించిన పుస్తకం ఇంట్లో ఉందిగా, ఎలా మానేస్తాం?

ఇప్పుడు కూడితే ఇంటిఖర్చు 21,700. అప్పులకు: యాప్ 5,500, బండి 3,100, కార్డు 2,400, ప్రోనోటు వడ్డీ 1,000, గోల్డ్ లోన్ వడ్డీకి పక్కన పెట్టాల్సింది 900. మొత్తం 12,900. రెండూ కలిస్తే 34,600, వచ్చేది 32,000. ప్రతి నెలా 2,600 తక్కువ. కార్డు బాకీ ఎందుకు పెరుగుతోందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఏది ముందు తీర్చాలి

వడ్డీ ఎక్కువున్నది ముందు అన్నది సూత్రం. చిన్న అప్పు ముందు తీరిస్తే ధైర్యం వస్తుందని ఇంకో పద్ధతి కూడా చెబుతారు. మనిషికి ఊపిరాడనప్పుడు అదీ తప్పు కాదు. కానీ తొమ్మిదిన్నర, నాలుగు రూపాయల వడ్డీలు ఇంట్లో పెట్టుకుని ధైర్యం కోసం ఇంకోటి తీర్చడం నాకు నచ్చదు.

నెలకు 2,600 లోటున్న ఇంట్లో ఎక్కువ కట్టడానికి డబ్బెక్కడిది? అప్పుడే షీటులో కింది వరస వైపు చూశాను. బంగారం మీద ముప్పావలా వడ్డీ. మరదలి దగ్గర ఇంకా ఒక జత గాజులున్నాయి. వాటిమీద 60,000 వస్తుంది. బంగారం ఆవిడది, నిర్ణయం ఆవిడది. నేను అంకెలు చూపించి ఊరుకున్నాను. రెండ్రోజుల తర్వాత తనే ఒక మాట అడిగింది: "కార్డు మళ్ళీ గీకితే?" అసలు ప్రశ్న అదే. తక్కువ వడ్డీ అప్పు తెచ్చి ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడం మంచి పనే గానీ, తీర్చిన కార్డు మళ్ళీ నిండితే రెండప్పులూ మెడకు చుట్టుకుంటాయి.

అందుకని ముందు కార్డు నోరు కట్టేశాం. కార్డు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ చేసి కట్టడం ఆపేసుకునే స్విచ్‌లు ఉంటాయి, అవి ఆఫ్. లిమిట్ తగ్గించమని రిక్వెస్ట్. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసి టీ తాగినా అప్పుతోనే తాగుతున్నాడు మా వాడు, ఆ లింకు తీసేశాం. ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్ళారు.

60,000 వచ్చింది. కార్డుకు 48,000. యాప్‌లో ముందే ముగిస్తే ఎంత అని చూస్తే ఆ రోజుకు 10,300 చూపించింది, అది కట్టేశారు. మిగిలిన 1,700లో బంగారం విలువ కట్టే బ్యాంకు అప్రైజర్ ఫీజు పోయింది, కాస్త కార్డు కోసం ఉంచారు. పూర్తిగా కట్టాక కూడా తర్వాతి స్టేట్‌మెంట్లో మధ్య రోజుల వడ్డీ కొంత వస్తుంది. అది చూసుకోక వదిలేస్తే లేట్ ఫీజు పడుతుంది.

ఇప్పుడు అప్పుల నెల లెక్క: బండి 3,100, ప్రోనోటు వడ్డీ 1,000, బంగారం వడ్డీ 1,350. మొత్తం 5,450. 12,900 నుంచి ఇక్కడికి దిగింది. 32,000లో ఇంటిఖర్చు, ఇవీ పోను 4,850 మిగులు. అందులో 500 మామయ్యకు. వడ్డీ లేదు కదా అని ఆయన్ని ఆఖర్న పెడితే రేపు ఏ శుభకార్యంలోనూ ఆయన మొహం చూడలేం, ఈ ఒక్క చోట సూత్రాన్ని పక్కన పెట్టాను. మిగతా 4,350 ప్రోనోటు అసలుకి. వడ్డీతో కలిపి నెలకు 5,350.

ఎన్నాళ్ళకు తీరుతుందో చెప్పే ఫార్ములా కూడా ఉంది. రేట్ బదులు ఇంగ్లిషులో ఎన్, పీ, ఈ, ఆర్ అన్న నాలుగక్షరాలు కొట్టి, బ్రాకెట్లో నెల వడ్డీ శాతం, మైనస్‌తో నెలకు కట్టేది, మిగిలిన అసలు వేయాలి. 2 శాతం, మైనస్ 5350, 50000 అంటే పదిన్నర వచ్చింది, అంటే పదకొండు నెలలు. బంగారం లేని ఇల్లయితే ఇదే ఫార్ములాలో కార్డు లెక్క చూసుకోవచ్చు: 4.13 శాతం, మైనస్ 5000, 48000 కొడితే పన్నెండున్నర. నెలకు 4,000 కడితే పదిహేడు నెలలు. వెయ్యి తేడాకి నాలుగు నెలలకు పైగా సాగుతుంది. కార్డు బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగొచ్చు, ఇస్తారు. వాళ్ళు చెప్పిన రేటు నమ్మకుండా రేట్ ఫార్ములాలో వేసి చూసుకుని ఒప్పుకోండి. మరదలి లాంటివాళ్ళు సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ అప్పు అన్నిటికన్నా చవక, కానీ అది సంఘం మొత్తం పరువుతో ముడిపడింది. కార్డు తీర్చడానికి తీసుకుంటే కిస్తీ ఒక్క నెల కూడా తప్పకూడదు.

బండి లోను కూడా ముందే తీర్చేద్దామన్నాడు తమ్ముడు. వద్దన్నాను. ఇంకా పది కిస్తీలు, మొత్తం 31,000. రేటు ప్రకారం అందులో అసలు సుమారు 28,140, వడ్డీ 2,860. ముందే ముగిస్తే 4 శాతం ఛార్జీ, దానిమీద జీఎస్టీ అని కాగితంలో ఉంది, అది 1,328. మిగిలేది పదిహేను వందలు, దానికోసం 28 వేలు పోగేయాలి. ఆ డబ్బు ప్రోనోటుకు పోతే ఎక్కువ లాభం. హోమ్ లోన్ లాంటి మారే వడ్డీ అప్పుల్ని వ్యక్తులు సొంత అవసరానికి తీసుకుంటే బ్యాంకులు ముందస్తు చెల్లింపుకి ఛార్జీ వేయకూడదు. బండి లోన్లు సాధారణంగా స్థిర వడ్డీవి, అందుకే కాగితం చదవాలి.

తారీఖులు, చిల్లర ఖర్చు

కిస్తీ తారీఖులన్నీ ఫోన్ క్యాలెండర్‌లో ప్రతి నెలా వచ్చేలా పెట్టండి, రిమైండర్ మూడు రోజుల ముందు మోగాలి. ఆ రోజే మోగితే అకౌంట్లో డబ్బు వేసే టైము ఉండదు. ఈఎంఐ బౌన్సయితే మన బ్యాంకు ఒక ఛార్జీ, అప్పిచ్చినవాడు ఒక ఛార్జీ వేస్తారు. జీతం పడే అకౌంటు ఒకటి, కిస్తీలు కోసే అకౌంటు వేరొకటి ఉంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. జన్‌ధన్ లాంటి మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేని అకౌంటు చాలు. జీతం రాగానే బండి, బంగారం వడ్డీ, ప్రోనోటు కలిపి 9,800 అందులోకి వెళ్ళిపోతుంది, దాన్ని యూపీఐకి లింక్ చేయలేదు. పండగలు ఫీజుల 3,000 మరదలి పేరిట పోస్టాఫీసు అకౌంట్లో.

చిల్లర ఖర్చుకు యూపీఐ లైట్, అంటే యూపీఐ యాప్‌లోనే ముందుగా కొంత డబ్బు వేసి పెట్టుకునే చిన్న పర్సు వాడుతున్నారు. సోమవారం వెయ్యి వేసుకుంటారు, టీలు, కొత్తిమీర, పిల్లాడి పెన్సిళ్ళు అన్నీ అందులోంచే. డబ్బు తగ్గగానే తనే నింపుకునే ఆటో టాపప్ మాత్రం పెట్టొద్దు, పెడితే ఇక ఆ వెయ్యికి అర్థం లేదు. పాస్‌బుక్ కూడా శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ చిల్లర లావాదేవీలు పడవు, వేసుకున్న వెయ్యి ఒక్కటే పడుతుంది.

గోల్డ్ లోన్ తారీఖు మాత్రం క్యాలెండర్‌లో నెల ముందే పెట్టుకోవాలి. ఏడాది తిరిగేలోపు వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే నోటీసు, ఆ తర్వాత వేలం. నెలనెలా 1,350 పక్కన పెట్టమన్నది అందుకే.

లోన్ యాప్‌ల బెడద ఉంటే

యాప్ రిజర్వ్ బ్యాంకు కిందున్న సంస్థదేనా అని ముందు చూడండి. 2025 జూలై నుంచి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్లో డిజిటల్ లోన్ యాప్‌ల జాబితా ఉంది. ఫోన్‌లో కాంటాక్టులు, ఫొటోలు చూసే పర్మిషన్ అడగడానికి ఆ యాప్‌లకు వీల్లేదు. తీసుకున్నాక మనసు మారితే, వాళ్ళు చెప్పిన గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. రికవరీ వాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీస్తామంటే ఆ కాల్స్, మెసేజ్‌లు దాచిపెట్టుకోండి. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు, వివరాలకు ఫోన్ నంబరు 14448. అసలు లైసెన్సే లేని యాప్ అయితే రిజర్వ్ బ్యాంకుదే ఇంకో ఫిర్యాదుల సైటు, సచేత్ పోర్టల్ ఉంది. బెదిరింపులు, మార్ఫింగ్ ఫొటోలు అంటే ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తీరిన అప్పుకు కాగితం

ప్రోనోటుకు అసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, తారీఖు, అంకె, సంతకంతో. డబ్బు యూపీఐలో పంపినా సరే. తమ్ముడు నోటు వెనక ఫొటో తీసి షీటు ఉన్న డ్రైవ్‌లోనే పెడుతున్నాడు. పెద్దమనిషి మొదటిసారి కొంచెం చిన్నబుచ్చుకున్నాడట. రెండోసారికి ఆయనే పెన్ను తీశాడు. పూర్తిగా తీరిన రోజు నోటు చేతిలోకి తీసుకున్నాకే ఆఖరి వాయిదా ఇవ్వండి.

బ్యాంకు, యాప్ అప్పులకు నో డ్యూ సర్టిఫికెట్ మెయిల్‌లో అడిగి దాచుకోవాలి. నెలా రెండు నెలలయ్యాక క్రెడిట్ రిపోర్టులో ఖాతా పక్కన "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడండి. "సెటిల్డ్" అని ఉంటే పూర్తిగా కట్టలేదని అర్థం, తర్వాత లోన్లకు అడ్డం పడుతుంది. సగం కడితే మాఫీ చేస్తామని ఫోన్ వస్తే ఈ మాట గుర్తుంచుకుని బేరమాడండి. బండికి ఆఖరి కిస్తీ కట్టాక ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌టీఓలో ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించాలి. ఎన్‌ఓసీకి గడువుంటుంది, బీరువాలో పెట్టి మర్చిపోతే మళ్ళీ వాళ్ళ చుట్టూ తిరగాల్సిందే.